నాలుగోవాడికి దీపం

పిల్లలూ, ఆఫ్రికా ఖండంలో ఘనా అనే దేశం ఉన్నది. అక్కడివాళ్ళు మాటిమాటికీ కరెంటు పోయి రావడానికి "డుమ్‌సోర్" అని పేరు పెట్టుకున్నారు. వాళ్ళ భాషలో "డుమ్" అంటే ఆర్పు, "సో" అంటే వెలిగించు. ఈ మాట చెబితే మా మనవరాలు పకపకా నవ్వింది. నవ్వి, "వాళ్ళకు నదులు లేవా తాతయ్యా? ఆనకట్టలు కట్టుకోలేదా?" అని అడిగింది.

నదులూ ఉన్నాయి, ఆనకట్టలూ ఉన్నాయి. జాంబియా, జింబాబ్వే దేశాల నడుమ జాంబెజీ నది పారుతున్నది. దానికి అడ్డంగా 1959లో 128 మీటర్ల ఎత్తున కరీబా ఆనకట్ట కట్టారు. మనుషులు కట్టిన జలాశయాలలో ఇంతకంటె ఎక్కువ నీరు పట్టేది మరొకటి లేదు. రెండు దేశాలకూ అక్కడినుంచి కరెంటు వస్తుంది.

అయితే ఆనకట్ట నీటిని దాచగలదు గాని పుట్టించలేదు. గాదె ఎంత పెద్దదైనా పంట రాకపోతే నిండదు గదా! 2024లో ఆఫ్రికా దక్షిణభాగాన ఘోరమైన కరువు వచ్చింది. కరీబాలో నీరు అడుగంటింది. జాంబియా కరెంటులో నూటికి ఎనభై పాళ్ళకు పైగా నీటినుంచే వచ్చేది. ఇంకేముంది? ఎన్నో ఇళ్ళలో రోజుకు కొద్ది గంటలే దీపం వెలిగింది.

దక్షిణాఫ్రికా సంగతి వేరు. అక్కడ బొగ్గుకు కరువు లేదు. కాని పాతబడిన బొగ్గు కేంద్రాలు పదే పదే చెడిపోయి, 2023లో దాదాపు ప్రతిరోజూ కోత పెట్టవలసి వచ్చింది.

"తక్కువైతే అందరికీ తలా కాస్త ఇవ్వకూడదా?" అని మీరు అడగవచ్చు. కరెంటు బియ్యంలాంటిది కాదు. పుట్టేదీ వాడేదీ క్షణక్షణమూ సరిపోవాలి. వాడకం మించితే, బరువెక్కిన బండికి కట్టిన ఎద్దుల్లాగా యంత్రాలు నెమ్మదిస్తాయి. అలాగే వదిలేస్తే దేశమంతా ఒక్కసారే చీకటవుతుంది. అందుకే ఒక పేటకు ఆపి, మరొక పేటకు వంతులవారీగా ఇస్తారు. ఇక అసలు కరెంటు తీగే చేరని వాళ్ళు ఆ ఖండంలో ఇప్పటికీ సుమారు 60 కోట్లమంది.

బడిపంతులుగా బతికినవాణ్ణి గనక నా ఆలోచన పిల్లలమీదికే పోతుంది. గినీ దేశపు రాజధాని కొనాక్రీలో విద్యార్థులు రాత్రివేళ విమానాశ్రయానికి నడిచివెళ్ళి, అక్కడి దీపస్తంభాల కింద కూర్చుని పరీక్షలకు చదువుకునేవారని 2007లో పత్రికలు రాశాయి. ఆ సంగతి నాకు వింతగా తోచలేదు. మా ఊరి పిల్లలు లాంతరు చుట్టూ చేరి చదవడం నేను చూశాను. ఒక్క లాంతరు వెలుగులో ముగ్గురికి అక్షరాలు ఆనేవి. నాలుగోవాడు మిగతావాళ్ళు పైకి చదువుతుంటే విని నేర్చుకునేవాడు. వాడికి తెలివి తక్కువై కాదు, వెలుగు తక్కువై!

ఆఫ్రికాలో ఎండకు కొదవలేదు. ఇప్పుడు అక్కడ లక్షలాది ఇళ్ళమీద చిన్న చిన్న సౌరఫలకాలు పగటి ఎండను కరెంటుగా మార్చి బ్యాటరీలో దాస్తున్నాయి. వాటితో మిల్లులు తిరగవు. పెద్ద కేంద్రాలూ, మంచి తీగలూ కావలసిందే. కాని ఈలోగా రాత్రిపూట ఒక దీపం వెలుగుతుంది. నాలుగోవాడికి కూడా అక్షరం కనబడుతుంది.