హగరి ఒడ్డున వేటకుక్క

బళ్ళారికి తూర్పున హగరి ఉన్నది. పెద్దలు దానిని వేదవతి అంటారు. నది అని పేరే గాని మేము వెళ్ళిన మాఘమాసంలో కనుచూపుమేర ఇసుకే. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆ రాష్ట్రానికి, బళ్ళారి మైసూరుకు పోయినవి. అయినా ఇక్కడి ఇండ్లలో తెలుగు, కన్నడం ఇప్పటికీ ఒకే పంక్తిని కూర్చుని భోంచేస్తాయి. ఆ సంగతి చివరకు ఒక కుక్కకు ఉపకరించినది.

బావగారి వీరడు ముధోళ్ కుక్క. కూనగా వచ్చి తెలుగింట పెరిగి నాలుగేండ్లవాడైనాడు. సన్నని మూతి, లోతైన రొమ్ము, పొడుగు కాళ్ళు. 2005లో తపాలాబిళ్ళ మీదికి ఎక్కిన జాతి గదా! వాసన పట్టి కాదు, కంటితో చూచి వేటాడే జాతి. జొన్నచేని మోళ్ళలోనుంచి కుందేలు లేచినదంటే వాడికి ఇక చెవులు లేవు. మేము చూస్తుండగానే ఇనుపరాయి లారీలు పోయే బాటకు అడ్డంగా దూకినాడు. బావగారు "రా! రా!" అని గొంతు చించుకొన్నారు. గంటకు తిరిగివచ్చిన వాడికి రెండు దెబ్బలు తగిలించి కట్టివేశారు.

పక్కన గొర్రెలు మేపుతున్న పెద్దాయన నవ్వి, "ఏం సామీ, వచ్చినోన్ని కొడితే రేపెట్లొస్తాడు?" అన్నాడు.

మాకు తల కొట్టేసినట్లయింది. ‘రా’ అంటే దెబ్బ, లేదా గొలుసు, లేదా ఇంటికి పోవడం. వాడు నేర్చుకొన్నది అదే. అందుచేత ఆ మాటను వదలి, వాడిమీద ఎన్నడూ వాడని కన్నడపు ‘బా’ను ఎన్నుకొన్నాము. మొదట పెరటిలో, తరువాత వీధిలో, చివరకు చేలలో. ఒక్కసారే పిలవడం, వచ్చినవెంటనే ఉడికించిన కార్జం ముక్క పెట్టి, తిరిగి ఆడుకోను వదలడం. (అక్కయ్య వంటింటికి మాంసం రాదు, ఎదురింటివారి పొయ్యి ఆదుకొన్నది.) రొమ్ముపట్టీకి ముప్పై అడుగుల తాడు కట్టాము. మెడపట్టీకి కడితే ఉరుకులో మెడ నొక్కుకుంటుంది. వాడు రాకపోతే వెంటపడము. ఎదురుదిక్కుకు మేమే పరుగెత్తుతాము. అరవై దాటిన బావగారు పరుగెత్తడం చూడను పిల్లలు చేరేవారు.

అన్నిటికంటె కష్టమైనది సమయం పట్టుకోవడం. పరుగు మొదలైనాక పిలుపు వృథా. చెవులు నిక్కి, ఒళ్ళు బిగిసి, ఒక కాలు లేచే క్షణం ఉన్నది. పిలిస్తే అప్పుడే పిలవాలి.

ఇది లారీల భయం ఒక్కటే కాదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం కుందేలును కుక్కచేత తరిమించినా వేటే. ఈ జిల్లాలోని సిరుగుప్ప వైపు మైదానాలలో బట్టమేకపిట్ట కనిపించినది. దేశంలోనే అరుదైపోయిన ఆ పక్షి వట్టినేల మీద, సాధారణంగా ఒక్క గుడ్డే పెడుతుంది. అటువంటి నేలమీద అదుపులేని కుక్క ఎంత పని చేయగలదో చెప్పనక్కరలేదు.

ఉగాదికి మళ్ళీ వెళ్ళాము. చేనిగట్టున వీరడు బిగుసుకొన్నాడు. నలభై గజాలలో కుందేలు. బావగారు మెల్లగా "బా" అన్నారు. వాడు కుందేలును చూచినాడు, ఆయనను చూచినాడు, మళ్ళీ కుందేలును చూచినాడు. తరువాత, మహా కష్టం మీద, వెనుదిరిగి వచ్చినాడు. సంచిలోని కార్జమంతా వాడిదే అయినది.

మర్నాడు అడవిపిల్లి విషయంలో మాత్రం తాడే కాపాడినది. బావగారు దానిని ఇంకా విప్పలేదు.