షాజాదా సవారీలో నాలుగు రోజులు

వైజ్‌మన్స్ ఫెర్రీ దగ్గర హాక్స్‌బరీ నదికి వంతెన లేదు. సిడ్నీ నుంచి గంటన్నర ప్రయాణం చేసి అక్కడికి చేరితే, ఇనుప తీగల ఊతంతో నడిచే పంటు మనల్ని కారుతో సహా అవతలి ఒడ్డున దింపుతుంది. 1827 నుంచీ నడుస్తున్న రేవు అది. రాజమండ్రిలో పుట్టినదాన్ని కనుక పంటు ఎక్కగానే ప్రాణం లేచొచ్చింది. అక్కడి నుంచి మెక్‌డొనాల్డ్ నది పక్కగా ఇరవై కిలోమీటర్లు పోతే సెయింట్ ఆల్బన్స్. 1836లో ఇసుకరాతితో కట్టిన సత్రం, కొన్ని ఇళ్లు, చుట్టూ యూకలిప్టస్ కొండలు. ఆగస్టు చివర్లో ఈ చిన్న ఊరు గుర్రాల ఊరైపోతుంది.

అక్కడ జరిగేది షాజాదా స్మారక సవారీ. అయిదు రోజులు, 400 కిలోమీటర్లు, రోజుకు 80 చొప్పున. మొదటి రోజు ఏ గుర్రమెక్కి బయల్దేరితే చివరిదాకా అదే గుర్రం. ఆస్ట్రేలియాలో ఒక్కరోజు దూరపు సవారీకి 1966లో టామ్ క్విల్టీ పోటీతో ఊపు వస్తే, ఈ అయిదు రోజుల పరీక్ష 1981లో మొదలైంది. షాజాదా అంటే రాజకుమారుడని హైదరాబాదు వాళ్లకు చెప్పక్కర్లేదు. అది ఒక అరబ్బు మగ గుర్రం పేరు. 1920ల్లో ఇంగ్లండ్‌లో జరిగిన 300 మైళ్ల పరీక్షల్లో పేరు తెచ్చుకుని, తర్వాత ఓడెక్కి ఆస్ట్రేలియా చేరింది.

నేను రౌతుని కాను, ఆసుపత్రిలో నర్సుని. నాతో పనిచేసే అరవై ఏళ్ల ఆవిడ తన ఆడ గుర్రంతో ఈ సవారీకి వెళుతూ, "నాడి చూడడం వచ్చిన మనిషి కావాలి, వస్తావా?" అని అడిగింది. రౌతుకు వెన్నంటి ఉండి గుర్రానికి నీళ్లు, మేత, మాలిష్ చూసుకునేవాళ్లను ఇక్కడ స్ట్రాపర్ అంటారు. ఒప్పుకోవడానికి నాకు వేరే కారణం కూడా ఉంది. మా తాతయ్య జట్కా తోలేవాడు. ఉడికించిన ఉలవలు గుర్రానికి పెట్టాకే తను కంచం ముందు కూర్చునేవాడు.

ఆదివారం మధ్యాహ్నం గుర్రాలన్నిటికీ పశువైద్యుల పరీక్ష. సోమవారం ఇంకా చీకటి ఉండగానే, లోయంతా మంచు పొగ కమ్ముకుని ఉండగా, రౌతులు తలలకు దీపాలు కట్టుకుని బయల్దేరారు. ఆ రోజు దూరం రెండు విడతలు. ఒక విడత తిరిగి స్థావరానికి వస్తే పరీక్ష, విశ్రాంతి, ఆ తర్వాతే రెండోది. గుర్రాలు చీకట్లోకి వెళ్లిపోయాక డెక్కల చప్పుడు చాలాసేపు వినిపించింది.

గుర్రం తిరిగొచ్చిన క్షణం నుంచి మా పని. రౌతు దిగీ దిగగానే జీను బిగువు వదులు చేస్తాం. మెడ మీద, రొమ్ము మీద, కాళ్ల మధ్య చర్మం కిందే పెద్ద రక్తనాళాలుంటాయి. నీళ్లు అక్కడ పోసి, వెంటనే గీసి దులిపేసి, మళ్లీ పోస్తాం. ఒంటిమీద నిలిచిన నీరు వేడెక్కిపోతుందని గీయమంటారు. తుంటి కండల మీద మాత్రం పోయకూడదు. ఆ చలిలో అవి బిగుసుకుపోతాయి కాబట్టి దుప్పటి కప్పి ఉంచాలి. ఎడమ ముంగాలి మోచేతి వెనక స్టెతస్కోపు ఆనిస్తే గుండె చప్పుడు వినిపిస్తుంది. విశ్రాంతిగా ఉన్న గుర్రం గుండె నిమిషానికి ముప్ఫై నలభైసార్లు కొట్టుకుంటుంది. కొండ దిగి వచ్చినప్పుడు అది ఎంతో పైన ఉంటుంది. అరగంటలో నిర్ణీత హద్దు కిందికి దిగాలి. మనుషుల నాడి ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను, ఒక్కో అంకె దిగుతుంటే ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

తర్వాత వైద్యుల ముందుకు. చిగురు మీద వేలితో నొక్కి, తెల్లబడ్డ చోట ఎరుపు ఎంతలో తిరిగొస్తుందో చూస్తారు. మెడ దగ్గర చర్మం పట్టి లాగి వదిలి, ఒంట్లో నీరు తగ్గిందేమో చూస్తారు. పొట్టకు రెండు పక్కలా చెవి పెట్టి పేగుల చప్పుడు వింటారు. గుర్రానికి కడుపులో సద్దు ఆగిందంటే ప్రమాదం. చివరిగా గట్టి నేల మీద పగ్గం వదులుగా పట్టుకుని ట్రాట్ అనే తేలిక పరుగు తీయించి, వెనక్కి రప్పిస్తారు. ముంగాలు నొప్పిగా ఉంటే ఆ కాలు నేల తాకినప్పుడల్లా తల పైకి లేస్తుంది. గుర్రం నోటితో చెప్పలేని మాట అలా తలతో చెబుతుంది.

మంగళ, బుధవారాలు మా గుర్రానికి బాగానే గడిచాయి. నిటారు ఎక్కుళ్ల దగ్గర మా రౌతు దిగి, గుర్రం పక్కన నడుస్తూ ఎక్కిందట. దిగుళ్లలోనూ అంతే. సాయంత్రం చూస్తే ఆవిడ బూట్లు గుర్రం డెక్కల్లాగే అరిగి ఉన్నాయి. మన దగ్గర 'రౌతు కొద్దీ గుర్రం' అంటారు. ఆవిడకు ఆ సామెత అర్థం చెబితే, కాసేపు ఆలోచించి, "ఇక్కడ తిరగేసి చదవాలి. ఈ రోజు గుర్రం ఎంత ఇస్తే నేనంత రౌతుని" అంది.

గురువారం సాయంత్రం. 320 కిలోమీటర్లు పూర్తయ్యాయి. నాడి చక్కగా దిగింది, చిగుళ్లు గులాబీ రంగులో ఉన్నాయి, కడుపులో సద్దు ఉంది. ట్రాట్‌కి పగ్గం పట్టుకుని పరుగెత్తింది నేనే. నా వెనక ఏం జరుగుతోందో నాకు కనబడలేదు. తిరిగొచ్చేసరికి వైద్యురాలు మరోసారి పరుగెత్తించమంది. ఆ తర్వాత ఇంకో వైద్యుణ్ని పిలిచింది. మూడోసారి నేను పక్కకు తప్పుకుని, ఇంకొకరు పరుగెత్తిస్తుంటే చూశాను. కుడి ముంగాలు పడినప్పుడల్లా తల వెంట్రుకవాసి పైకి లేస్తోంది. నాలాంటివాళ్లు మామూలుగా గమనించనంత కొద్దిగా. అంతే, మా సవారీ ముగిసింది.

ఏడాది పొడవునా తెల్లవారుజామునే లేచి చేసిన సాధన అంతా అక్కడితో ఆగిపోయింది. మా రౌతు వాదించలేదు, బతిమాలలేదు. జూలులోకి చేయి పోనిచ్చి కాసేపు నిలబడింది. తర్వాత బకెట్‌లో చల్లనీళ్లు తెచ్చి, నేల మీద కూర్చుని ఆ కాలు తడుపుతూ ఉండిపోయింది. ఈ ఆటలో అందరూ నమ్మే మాట ఒకటుంది: పూర్తి చేయడమే గెలుపు. పూర్తి చేయడమంటే చివరి గీత దాటడం కాదు, దాటాక కూడా గుర్రం మళ్లీ బయల్దేరగలిగేంత క్షేమంగా ఉండడం. ఆ రాత్రి ఆవిణ్ని చూశాక దాని అర్థం నాకు తెలిసింది.

ఆ రాత్రి నాకు తాతయ్య జట్కా గుర్రం గుర్తొచ్చింది. ఎక్కేవాళ్లు ముగ్గురు చాలన్నచోట ఆరుగురు ఎక్కేవారు. గోదావరి గట్టు ఎక్కుతుంటే దాని తల ప్రతి అడుగుకూ లేచి పడుతుండేది. చిన్నప్పుడు దాన్ని హుషారు అనుకున్నాను. అది నొప్పి అని యాభై ఏళ్ల వయసులో, సముద్రాలవతల, ఒక కొండ ఊళ్లో తెలిసింది.

ఇప్పుడు మన ఊళ్లలో జట్కాలు తగ్గిపోయాయి గానీ గుర్రాలు పోలేదు. పెళ్లి ఊరేగింపుల్లో ఉన్నాయి, విశాఖ బీచ్‌లో పిల్లల్ని మోస్తున్నాయి. ఈసారి పిల్లాణ్ని ఎక్కించే ముందు, నీళ్లు ఎప్పుడు పెట్టావని గుర్రం మనిషిని అడగండి. గట్టి నేల మీద పదడుగులు పరుగెత్తించమనండి. అడుగు పడినప్పుడల్లా తల లేస్తుంటే, అతనికి రావలసిన డబ్బు అతనికిచ్చేసి, పిల్లాణ్ని నడిపించుకుని వెళ్లండి.