జానెడు దేవదారు

దేవదారు వృక్షం ఎలా ఉంటుందో నాకు నలభై ఏడో యేట తెలిసింది. అదీ హిమాలయాల్లో కాదు. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో, మా అక్కయ్య పక్కింటి పెరట్లో, ఒక రాతితొట్టిలో.

ఎమ్మే ప్యాసై, తెలుగు చెప్పుకొని బతుకుతున్నవాణ్ణి. రఘువంశం రెండో సర్గ చిన్నప్పుడే మా నాన్న దగ్గర చదువుకొన్నాను. దిలీపుడు నందినీ ధేనువును కాస్తూ పోగా గుహలో సింహం అడ్డుపడి, “ఎదురుగా ఆ దేవదారు చెట్టు చూశావా, శివుడు దాన్ని కొడుకుగా పెంచుకొంటున్నాడు” అంటుందే, ఆ ఘట్టం నాకు కంఠస్థం. కాని క్లాసులో దేవదారు అన్న మాట వచ్చినప్పుడల్లా “ఒకానొక వృక్షవిశేషం” అని చెప్పి పేజీ తిప్పేసేవాణ్ణి. అదేమి వృక్షమండీ అని నిలదీసిన విద్యార్థి ఇరవై ఏళ్ళలో ఒక్కడూ తగలకపోవడం నా అదృష్టం.

నేను అమెరికా వెళ్ళింది చెట్లు చూడటానికి కాదు. బాపట్ల దగ్గర మా ఊళ్ళో నాన్న కట్టించిన ఇల్లు అమ్మకానికి పెట్టాము. నాన్న 2019లో పోయారు. ఇల్లు నేనూ అక్కా ఇద్దరమూ సంతకం పెడితేనే అమ్ముడవుతుంది. కాగితాలు పంపిస్తానంటే, “సంతకానికేం, ఎప్పుడైనా పెడతాను. ముందు నువ్వొకసారి రా, మాట్లాడుకోవాలి” అన్నది. సరే, 2023లో దసరా సెలవులకు మరి పది రోజులు కలుపుకొని బయలుదేరాను. తీరా వెళ్ళాక అక్క ఆ ఊసే ఎత్తదు. కాగితాలు ఫ్రిజ్జు మీద పెట్టి, “ముందు పక్కింటాయన తోట చూసిరా” అన్నది.

పక్కింటాయన ఎనభై దాటినవాడు. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. భార్య పోయి నాలుగేళ్ళయింది. నేనూ పంతుల్నే అని తెలియగానే నన్ను దగ్గరికి తీశాడు. ఆయన పెరడు అరెకరం ఉంటుందేమో. అందులో పూలమొక్క ఒక్కటి లేదు, కూరపాదు లేదు. అన్నీ కోనిఫర్లే. అంటే పువ్వు పూయకుండా, కాయ కాయకుండా, చెక్కతో చేసినట్టుండే శంకువులు కట్టి వాటిలో గింజలు దాచుకొనే జాతి. పైన్, ఫర్, స్ప్రూస్, సీడర్ ఇవన్నీ అందులోవే.

నేను తొందరపడి, “మా సముద్రపు ఒడ్డున ఇవి కావలసినన్ని, చీరాల నుంచి బాపట్ల దాకా తోపులే” అన్నాను. ఏ చెట్టని అడిగితే సరుగుడు అని చెప్పి బొమ్మ చూపించాను. ముసలాయన నవ్వి, సరుగుడు ఈ కుటుంబం కాదన్నాడు. అది పూలు పూసే జాతేనట. సూదుల్లా కనిపించేవి ఆకులు కావు, సన్నని కొమ్మలు. అసలు ఆకులు ఆ కొమ్మ కణుపుల దగ్గర పొలుసుల్లా కంటికి ఆననంత చిన్నవి. సరుగుడు తోపుల్లో ఆడి పెరిగినవాణ్ణి, ఈ సంగతి పదమూడు వేల కిలోమీటర్లు వచ్చి తెలుసుకోవలసి వచ్చింది.

ఇక ఆ తోట. కొండంత ఎత్తు పెరగవలసిన చెట్లన్నీ అక్కడ నా నడుము దాకా, మోకాలి దాకా ఉన్నవి. ఒక స్ప్రూస్ పిట్టగూడులా మధ్యలో గుంటపడి నేలకు అణిగి కూర్చుంది. నీలపు బూడిద రంగు స్ప్రూస్ ఒకటి అచ్చం చుట్టగుదురు మీద పెట్టిన బానలా ఉన్నది. ఇంకొకటి ముసలమ్మ చీరకుచ్చెళ్ళలా కొమ్మలన్నీ కిందికి జార్చి, కట్టిన కర్ర తీసేస్తే నేలమీద పాకే రకం. కొరియా ఫర్ చెట్టుకు వేసవిలో ఊదారంగు శంకువులు నిటారుగా నిలబడతాయట. నేను వెళ్ళేసరికి పొలుసులన్నీ రాలిపోయి, నడిమి పుల్లలు మాత్రం ఆరిపోయిన కొవ్వొత్తుల్లా మిగిలినవి.

“వీటిని ఇలా పొట్టిగా ఎలా ఉంచుతారు? రోజూ కత్తిరిస్తారా?” అని అడిగాను. అందరూ అడిగే ప్రశ్నే కాబోలు, ఆయన అరుగు మీద కూర్చొని నాకు పాఠం మొదలుపెట్టాడు. కత్తిరించి, వేళ్ళు కోసి, తీగ చుట్టి చిన్నదిగా ఉంచితే అది జపానువాళ్ళ బోన్సాయి. అది మనిషి పని. ఇవి పుట్టుకతోనే నిదానంగా పెరిగేవి. వేలాది నారులో ఎక్కడో ఒకటి మెల్లగా పెరుగుతుంది. లేదా పెద్ద చెట్టు చిటారున ఒక మొగ్గ దారి తప్పి, కాకిగూడులాగా గుబురు కడుతుంది. దాన్ని వాళ్ళు మంత్రగత్తె చీపురు అంటారు. కొన్నిసార్లు తెగులు వల్ల కూడా అలాంటి గుబురు పుడుతుందట. ఆ గుబురులోంచి పుల్ల తెచ్చి అంటు కడితే పొట్టి చెట్టు వస్తుంది. అందని ఎత్తులో ఉంటే తుపాకీతో కాల్చి కిందపడేసేవాళ్ళు కూడా ఉన్నారట! గింజ నాటితే మాత్రం నమ్మకం లేదు. చాలావాటికి తాతల పోలికే వస్తుంది. అందుచేత ఒక పేరుగల మొక్కలు లోకంలో ఎన్ని ఉన్నా, అన్నీ అంటుమీద అంటుగా ఆ మొదటి చెట్టు ముక్కలే.

మా మామిళ్ళ సంగతీ అంతేనన్నాను. ఆ మాట దగ్గర అక్క నావంక చూసి, చూపు తిప్పుకొన్నది.

అసలు మరుగుజ్జు అన్న మాటే తప్పుదోవ పట్టిస్తుందని ఆయన అభిప్రాయం. అక్కడి కోనిఫర్ సంఘంవారు ఎత్తును బట్టి కాదు, ఏడాదికి పెరిగే కొలతను బట్టి తరగతులు కట్టారు. ఏడాదికి అంగుళం లోపు పెరిగితే అది అతి చిన్న తరగతి. ఒకటి నుంచి ఆరు అంగుళాలైతే మరుగుజ్జు. 12 అంగుళాలు దాటితే పెద్ద చెట్టు. అంటే మరుగుజ్జు కూడా పెరుగుతూనే ఉంటుంది, మనం తొందరపడకపోతే.

దీనికి సాక్ష్యం మర్నాడే చూశాను. బావగారు మమ్మల్ని వాషింగ్టన్ నగరంలోని జాతీయ వృక్షోద్యానానికి తీసుకువెళ్ళారు. 1927లో ఏర్పడినది, 400 ఎకరాల పైచిలుకు. న్యూజెర్సీలోని సౌత్ ఆరెంజ్‌లో విలియం గొటెల్లి అనే కాంట్రాక్టరు తన ఇంటి దగ్గర ఈ నిదానపు చెట్లను పోగుచేసి, 1962లో ఆ మొత్తం, ఇంచుమించు 1500 మొక్కలు, ఈ తోటకు దానం చేశాడు. వాటిని వేళ్ళతో పెకలించి అంత దూరం తరలించి మళ్ళీ నాటారు. అరవై ఏళ్ళు గడిచినవి. ఇవాళ ఆ మరుగుజ్జుల్లో చాలావాటి కింద మా బావగారు తల వంచుకొని నడవవలసి వచ్చింది. (ఆయన ఆరడుగుల మనిషి, ఇండియాలో గుమ్మాలకు తప్ప మరిదేనికీ తల వంచడని అక్క అభియోగం.)

అక్కడే డాన్ రెడ్‌వుడ్ చెట్లున్నవి. 1941లో షిగేరు మికి అనే జపాను శాస్త్రజ్ఞుడు శిలాజాలను చూసి ఆ జాతికి పేరు పెట్టాడు. అంతరించిందనుకొన్నదల్లా కొద్ది ఏళ్ళలోనే చైనాలో బతికి కనిపించింది. 1948లో దాని గింజలు దేశదేశాలకు పంచిపెట్టారు. కోనిఫరే అయినా చలికాలంలో ఆకు రాలుస్తుంది. మేము వెళ్ళినప్పుడు తుప్పు రంగుకు తిరుగుతున్నది.

ఆ తోటలోనే బోన్సాయి ప్రదర్శనశాల. 1976లో జపాను 53 చెట్లు బహూకరించింది. అందులో యమకి అనే ఆయన ఇచ్చిన తెల్లపైన్ ఒకటి 1625 నుంచి కుండీలో పెరుగుతున్నది. 2001లో ఆయన మనమలు చూడవచ్చి చెబితే గాని అక్కడివాళ్ళకు తెలియలేదు: 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద బాంబు పడినప్పుడు ఆ కుండీ ఆ ఊళ్ళోనే, సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో, వాళ్ళ పెరటి గోడ వెనక ఉన్నదని. పాతికేళ్ళు ఆ మాట చెప్పకుండానే ఇచ్చినవాళ్ళు ఊరుకొన్నారు. నేను ఆ చెట్టు ముందు ఎంతసేపు నిలబడ్డానో గాని, అక్క వచ్చి చెయ్యి పట్టుకొని తీసుకుపోయింది.

తిరిగి వచ్చేసరికి ముసలాయన నిచ్చెన పట్టుకొని మా కోసం ఎదురుచూస్తున్నాడు. ఆయన తోటలో మొదటి చెట్టు ఆల్బర్టా స్ప్రూస్. దీని పుట్టుక తమాషాగా ఉంటుంది. 1904లో రేడర్, జాక్ అనే ఇద్దరు వృక్షశాస్త్రజ్ఞులు కెనడాలో రైలు ఆలస్యమైతే, ఊసుపోక స్టేషను పరిసరాల్లో తిరుగుతూ ఈ పొట్టి చెట్టును కనుక్కొన్నారట. మన స్టేషన్లలో ఇంతకాలంగా ఎన్ని జాతులు కనుక్కోవలసింది! ఇప్పుడిది అమెరికాలో క్రిస్మస్ ముందు కూరగాయల కొట్లలో కూడా దొరుకుతుంది. భార్యాభర్తలు కొత్త కాపురంలో ఒక కుండీ కొన్నారు. అది తొమ్మిదడుగులు దాటింది, దువ్వినట్టు నున్నగా, గోపురంలా. అయితే పైభాగాన ఒక పక్క నుంచి వేరే రకం కొమ్మ పొడుచుకు వచ్చింది. సూదులు పొడుగు, కణుపులు దూరం, ఏపుగా ఉన్నది. చెట్టు మొత్తంలోనూ అదే కళ్ళకింపైన కొమ్మ. ఆయన చేతులు వణుకుతున్నవి, నన్ను ఎక్కి దాన్ని కోసెయ్యమన్నాడు.

నాకు చెయ్యి రాలేదు. “ఇది చేసిన తప్పేమిటి?” అన్నాను.

“ఏ తప్పూ లేదు. తాతల దారి పట్టింది, అంతే. ఉంచితే పదేళ్ళలో ఇదే చెట్టవుతుంది. నా చెట్టు దీని నీడలో చస్తుంది” అన్నాడాయన.

కోశాను. రంపం నాలుగు లాగుళ్ళు. కింద నిచ్చెన పట్టుకొన్న అక్క ఒక్క మాట మాట్లాడలేదు. పడ్డ కొమ్మను ఏరి ఇంటికి తీసుకుపోయి, పూజ దగ్గరి రాగిచెంబులో నీళ్ళు పోసి పెట్టింది.

ఆ పొద్దే తెలిసింది, ముసలాయన ఇల్లు అమ్మేస్తున్నాడని. కొడుకు వేరే రాష్ట్రంలో ఉన్నాడు, అతనికి చెట్ల గొడవ పట్టదు. ఒక తోటవాళ్ళు వచ్చి చూసుకొని తమకు కావలసినవాటికి ఎర్ర రిబ్బన్లు కట్టిపోయారు. అవి మొత్తం 31. తక్కినవి కొన్నవాడి దయ. పెద్ద వేరు పట్టినవాటిని కదిలిస్తే బతకవు. ఆల్బర్టా స్ప్రూస్‌కు రిబ్బను లేదు. ఎక్కడపడితే అక్కడ దొరికే చెట్టు గదా, ఎవరికి కావాలి?

మరునాడు నన్ను రాతితొట్టి దగ్గరికి తీసుకువెళ్ళాడు. ముప్ఫై ఏళ్ళుగా ఉన్నదట, పట్టుమని జానెడున్నర. నీలాల కుప్పలా, ముట్టుకొంటే గుచ్చుకొనే సూదులు గుత్తులు గుత్తులుగా. జింకలు తినకుండా చుట్టూ తడక. ఏ చెట్టని అడిగితే “డియోడారా” అన్నాడు. ఒక్క క్షణం తరవాత గాని ఆ మాట నా చెవిలో తెలుగు కాలేదు. దేవదారు! హిమాలయాల్లో 50 మీటర్లు పెరిగే చెట్టు. ఇది దాని నిదానపు బిడ్డ.

అప్పుడాయనకు కథంతా చెప్పాను. పార్వతి బంగారు కలశాలతో నీళ్ళు పోసి పెంచడం, అడవి ఏనుగు చెంప దురద తీర్చుకొంటూ బెరడు ఒలిచేస్తే ఆమె కుమారస్వామికి దెబ్బ తగిలినంత దుఃఖపడటం, ఆ మీదట శివుడు కాపలాకు సింహాన్ని పెట్టడం. ఆయన శ్రద్ధగా విని, “మాకు జింకలు. సింహం దొరకలేదు, తడక వేశాం” అన్నాడు.

తరవాత లోపలికి వెళ్ళి ఒక జింకు రేకు, పెన్సిలు తెచ్చాడు. ఆ తోటలో పేర్ల రేకులన్నీ భార్య రాసినవే; జింకు మీద పెన్సిలు రాత వానకు చెరగదు, ఏళ్ళ తరబడి నిలుస్తుంది. దేవదారు రేకు మాత్రం ఎక్కడో పోయింది. “మీ లిపిలో రాయండి. ఎవరు చదువుతారు అంటారా, మీ అక్కగారు చదువుతారు. తొట్టి ఆమెకే ఇస్తున్నాను” అన్నాడు.

బల్లమీద వేలాది సార్లు రాసిన మాటే. ఆ రేకు మీద రాయడానికి రెండుసార్లు చెయ్యి తుడుచుకొన్నాను. సాయంత్రం బావగారూ నేనూ ఒంటిచక్రపు బండి మీద తొట్టిని కంచె దాటించాము. అక్క తూర్పు వైపు చోటు చూపించింది.

నేను బయలుదేరే ముందు రాత్రి ఫ్రిజ్జు మీది కాగితాలు దింపింది. సంతకం పెట్టలేదు. వెనకాల పెన్సిలుతో మా ఇంటి స్థలం గీసి ఉన్నది. పెరట్లో బావి పక్కన మూడు సెంట్లు గీత కొట్టి విడదీసింది. అక్కడ చిన్నరసం మామిడి అంటు ఉన్నది. గాలివానకు పాతచెట్టు పడిపోయే ముందు దాని కొమ్మతో నాన్న చివరి ఏడు కట్టిన అంటు.

“ఇది తప్ప తక్కింది అమ్ము. ముళ్ళకంచె వేయించు. వేసవిలో నీళ్ళు పోసే మనిషిని కుదుర్చు, నెలకెంతో నాకు రాయి.”

“కొనేవాడు ఒప్పుకోకపోతేనో?”

“ధర తగ్గించు, ఒప్పుకొంటాడు” అని, కాగితం మడిచి నా చేతిలో పెట్టింది.

కొనేవాడు ఇంకా బేరమాడుతూనే ఉన్నాడు. బావి వైపు దారి తనకు కావాలంటాడు.