కొలత, కుండ, చెట్టు

పాత పాకశాస్త్ర గ్రంథానికి చెదలు పట్టనంత మాత్రాన అందులోని వంట నిలిచి ఉన్నట్లు కాదు. ఈ సంగతిని అండమాన్ నికోబార్ దీవులు చాటినంత స్పష్టంగా మన దేశంలో మరే ప్రాంతమూ చాటదేమో. 1858లో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ ఖైదీల స్థావరాన్ని నెలకొల్పింది. ఆ నాటినుంచి ఈ దీవులకు చేరిన ప్రతి సమూహమూ తన వంటను వెంట తెచ్చుకుంది. 1925లో బర్మానుంచి వచ్చి మాయాబందర్ సమీపాన వేబీ గ్రామాన్ని ఏర్పరచుకున్న కరెన్లు, 1949 నుంచి వచ్చిన తూర్పు బెంగాల్ శరణార్థులు, కూలికీ చేపలవేటకూ ఉత్తరాంధ్ర తీరం విడిచి వచ్చిన తెలుగువారు ఇందుకు సాక్షులు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవులలోని సుమారు 3,80,000 మందిలో 13 శాతానికి తెలుగు మాతృభాష.

పోర్ట్‌బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురమని పేరు మారింది. అక్కడి తెలుగింటి వంటకు చేప, కొబ్బరి చేతికందే దూరంలోనే దొరుకుతాయి. చింతపండు, మినుములు, బెల్లం మాత్రం చాలావరకు విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతా రేవులనుంచి ఓడలో రావలసిందే. వస్తువులు ఓడెక్కి వస్తాయి గాని కొలతలు రావు. నేడు ఎందరో తెలుగు గృహిణులకు మాలతీ చందూర్ ‘వంటలు - పిండివంటలు’ తొలి పాఠ్యపుస్తకం. అంతకు ముందు తరం వంటపుస్తకాలలోనూ, అమ్మమ్మల నోటుపుస్తకాలలోనూ కనిపించేవి గిద్ద, సోల, తవ్వ, మానిక, వీసె. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ఈ వరుస అందరికీ తెలిసినదే. అయితే ఒక జిల్లా సోల మరొక జిల్లా సోలతో సరితూగేది కాదు. పైగా తలకొట్టి కొలిచేవారు కొందరు, గోపురంగా పోసేవారు కొందరు.

వంటలో దినుసులన్నిటినీ ఒకే కొలపాత్రతో కొలిస్తే చిక్కేమీ లేదు. నిష్పత్తి చెడదు. అరిసెల సంగతి వేరు. బియ్యం సోలల్లో, బెల్లం వీసెల్లో చెప్పిన చోట ఒకటి పరిమాణం, మరొకటి తూకం. వీసె 120 తులాలు, దాదాపు 1,400 గ్రాములు. అది తేలింది. సోల తేలదు. 1956లో వచ్చిన తూనికలు, కొలతల చట్టంతో మెట్రిక్ పద్ధతి క్రమంగా అమలులోకి వచ్చి, ఇత్తడి సోల అటకెక్కింది. అక్షరం చెక్కుచెదరలేదు, అరిసె మాత్రం నూనెలో విడిపోతుంది. ఇటువంటి పుటను యథాతథంగా పునర్ముద్రించడం గ్రంథసేవ కావచ్చునేమో గాని, వంటను కాపాడడం కానేరదు.

నికోబార్‌లో నష్టం ఇంతకంటె లోతైనది. మొగలి అంటే తెలుగువారికి పువ్వు, ముల్లు. ఉద్దానం ఇసుక నేలల్లో అది కంచె. అదే జాతికి చెందిన మరొక చెట్టు కాయే నికోబారీలకు అనాదిగా ఆహారం. పెద్ద గుత్తిగా కాసే ఆ కాయను తొనలుగా విడదీసి, పెద్ద కుండలో కొద్ది నీటితో పేర్చి, ఆకులు కప్పి, సన్నని సెగపై గంటల తరబడి ఉడికిస్తారు. మెత్తబడిన గుజ్జును గుల్లతో గీకి, నారలు ఏరి, ముద్దగా అదుముతారు. లేత పసుపు రంగుతో, కొంచెం తియ్యగా ఉండే ఆ ముద్ద వారికి అన్నంతో సమానం.

ఆ కుండ ఎక్కడ పడితే అక్కడ తయారయ్యేది కాదు. చౌరా దీవి స్త్రీలే దానిని చేసేవారు. మట్టి తెరెస్సా దీవినుంచి పడవలో రావాలి. తక్కిన దీవులవారు కుండ చేయరాదని కట్టుబాటు. దీవుల పాలనలో అధికారిగా పనిచేసిన ఇ. హెచ్. మ్యాన్ 1889లో మధ్య నికోబారీ భాషకు నిఘంటువును, 1894లో ఆ కుండల తయారీపై ప్రత్యేక వ్యాసాన్ని వెలువరించాడు. ఫైళ్ల నడుమ ఇంత శ్రద్ధ చూపిన అధికారులు ఏ కాలంలోనైనా అరుదు.

2004 డిసెంబరు 26 నాటి సునామీ ఆ పుటలను తాకలేదు. తాకింది చెట్లను. కొన్నిచోట్ల నేల మీటరుకు పైగా కుంగి, తీరపు మొగలి తోపులు, కొబ్బరి తోటలు ఉప్పునీట మునిగాయి. చౌరా వాసులను తెరెస్సాకు తరలించవలసి వచ్చింది. తాత్కాలిక శిబిరాలలో సహాయంగా బియ్యం, పప్పు అందాయి. ఆ సమయంలో అదే సరైన పని, అందులో సందేహం లేదు. కాని అన్నంతో పెరిగిన పిల్లలకు తొనలు విడదీసే ఓపికను ఏ నిఘంటువు నేర్పగలదు?

కనుక ఇక్కడ వంటల సేకరణ అంటే మొదట మొక్క నాటడం, ఆ తరువాత కుండ చేసే చేతిని వెతకడం, చివరికే కలం పట్టడం. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనలను అనుసరించి నికోబార్‌కు బయటివారు అనుమతి లేకుండా వెళ్లరాదు. ఇది అడ్డంకి అని సేకర్తలు భావించనక్కరలేదు. నికోబారీ యువకులే తమ అవ్వల వద్ద కూర్చుని, తమ భాషలోనే రాసుకుని, తొలి ప్రతిని ఊరి బడిలో ఉంచుకోవడం అన్నివిధాలా ఉచితం. అనువాదం తరువాతి మాట.

శ్రీ విజయపురంలోని తెలుగువారికి అంత శ్రమ లేదు. అటకమీది సోలను దింపి, బియ్యం పోసి తలకొట్టి, పక్క వీధి కిరాణా కొట్టు త్రాసులో తూయించి, ఆ గ్రాముల సంఖ్యను పాత పుట అంచున రాసిపెట్టడానికి పది నిమిషాలు చాలు. ఆ సోల ఏ ఊరునుంచి వచ్చిందో కూడా పక్కనే రాయాలి.