సమానం కాదు, "పెట్టు"



ఈసారి వంటలూ వీసాలూ కాదు, ఒక చిన్న గుర్తు గురించి రాస్తున్నాను. ప్రోగ్రామింగ్‌లో వాడే "=" గుర్తు. అయ్యో అని పేజీ తిప్పేయకండి, మనకి తెలిసిన సంగతే.

నేను స్టాన్‌మోర్‌లో ఉంటాను, నర్సుని. నలభై నాలుగేళ్లొచ్చాయి. పన్నెండు గంటల షిఫ్టులు ఇంకెన్నాళ్లు చేయగలనో నా మోకాళ్లే చెప్తున్నాయి. ఇక్కడ ఆసుపత్రి రికార్డులు కంప్యూటర్లలోకి మారాయి, ఆ పని చూసే టీముల్లో వార్డు తెలిసిన నర్సులు కూడా కావాలి. అటు వెళ్దామని సెలవు రోజుల్లో పైథాన్ నేర్చుకుంటున్నాను. నాలాంటి వాళ్లకి మొదట అడ్డం వచ్చేది ఈ గుర్తే.

"=" గుర్తుని 1557లో రాబర్ట్ రికార్డ్ అనే వేల్స్ ఆయన తన లెక్కల పుస్తకంలో మొదటిసారి వాడాడు. ఆయన వైద్యుడు కూడా! బడిలో మనం నేర్చుకున్నది అదే: రెండు వైపులా సమానం. ప్రోగ్రామింగ్‌లో మాత్రం దాని అర్థం "పెట్టు". కుడివైపు ఉన్నదాన్ని ఎడమవైపు పేరుకి కట్టబెట్టు. సమానమా అని అడగాలంటే రెండు గీతల జంటలు, "==" రాయాలి.

పైథాన్ 3లో పేర్లు తెలుగు అక్షరాల్లోనే రాసుకోవచ్చు. రోగి తాగిన నీళ్లు మిల్లీలీటర్లలో రాస్తున్నాం అనుకోండి:

నీళ్ళు = 200
నీళ్ళు += 150

రెండో వరుసకి అర్థం "ఉన్నదానికి ఇంకో 150 కలుపు". ఇప్పుడు 350. ఫ్లూయిడ్ చార్ట్‌లో మనం రోజూ చేసే పనే.

అసలు కిటుకు అంకెలు దాటాక, లిస్టుల్లాంటి ఆబ్జెక్టులతో మొదలవుతుంది. ఇది చూడండి:

మందులు = ["పారాసెటమాల్", "ఐరన్"]
నకలు = మందులు
నకలు += ["కాల్షియం"]

ఇప్పుడు "మందులు"లో ఎన్ని ఉన్నాయి? రెండు కాదు, మూడు! ఎందుకంటే రెండో వరుసలో నకలు తయారవ్వలేదు. ఉన్న ఒక్క లిస్టుకే రెండో పేరు పెట్టాం, అంతే. భార్యాభర్తల జాయింట్ అకౌంట్ లాంటిది. పేర్లు రెండు, డబ్బు ఒకటే. ఆయన తీస్తే మీ బ్యాలెన్సూ తగ్గుతుంది.

నిజంగా వేరే కాపీ కావాలంటే అడిగి తీసుకోవాలి:

నకలు = మందులు[:]

వార్డులో మనకి రెండూ ఉంటాయి. మంచం దగ్గరి మందుల చార్ట్ ఒక్కటే. డాక్టరు గారు రాసినా, ఫార్మసిస్టు మార్చినా, మనం సంతకం పెట్టినా అందులోనే. షిఫ్టు మొదట్లో మడిచి జేబులో పెట్టుకునే హ్యాండోవర్ కాగితం మాత్రం కాపీ. పదిగంటల రౌండ్‌లో డోసు మారితే చార్ట్ మారుతుంది, జేబులో కాగితం మారదు. అందుకే మందు ఇచ్చే ముందు చార్టే చూడాలని మనకి నేర్పిస్తారు.

ఇంకో మెలిక. కాగితం మీద "నాలుగో మంచం, చార్ట్ చూడండి" అని మాత్రమే ఉందనుకోండి. దాన్ని జిరాక్స్ తీసినా రెండు కాగితాలూ ఒకే చార్ట్ దగ్గరికి పంపుతాయి. లిస్టులో ఇంకో లిస్టు ఉన్నప్పుడు "[:]" చేసేది ఇంతే. పై పొరకే కాపీ. దీన్ని షాలో కాపీ అంటారు, లోపలివన్నీ కూడా కొత్తగా తీస్తే డీప్ కాపీ.

ఆబ్జెక్టుల విషయంలో జావా కూడా పైథాన్‌లాగే రెండో పేరు పెడుతుంది. సీ ప్లస్ ప్లస్ అలా కాదు, "=" అంటే మామూలుగా లోపలి భాగాలన్నీ ఒక్కొక్కటిగా కాపీ చేస్తుంది. ఒక క్లాస్‌కి "=" ఏం చేయాలో రాసేవాళ్లే నిర్ణయించనూవచ్చు. కాబట్టి ఏ భాష మొదలుపెట్టినా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇది రెండో పేరా, రెండో వస్తువా?

రోగి రికార్డు చూపించే ప్రోగ్రామ్‌లోనూ ఈ తేడా ఉంటుంది. కాపీ ఉండాల్సిన చోట రెండో పేరు పెడితే ఒకరి మార్పు ఇంకొకరి పేజీలోకి పాకుతుంది. ఒకటే ఉండాల్సిన చోట కాపీ తీస్తే పాత డోసు కనిపిస్తుంది. ఏది ఎక్కడ ఉండాలో మంచం పక్కన నిలబడ్డ మనిషికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? అందుకే చెప్తున్నాను, ఇది మనకి సంబంధం లేని చదువు కాదు.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్లెచ్లీ పార్క్ వాళ్ల "బాంబ్" యంత్రాలు కొన్ని మా స్టాన్‌మోర్‌లోనే ఉండేవి. జర్మన్ల రహస్య సంకేతాలు విప్పడానికి వాటిని రాత్రీపగలూ షిఫ్టుల్లో నడిపింది రెన్స్ అనే నౌకాదళం ఆడపిల్లలు. షిఫ్టులూ యంత్రాలూ మనకీ కొత్త కాదు కదా!

ఈ వారం పైథాన్ తెరిచి పై వరుసలు కొట్టి చూడండి. "మందులు" అని మళ్లీ కొడితే ఎన్ని కనిపించాయో గ్రూపులో రాయండి. పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి, తెలుగు చదవడం కూడా వచ్చేస్తుంది.