చెవిటికల్లు దారిలో కాటా గది

విజయవాడ నుంచి బయల్దేరి, పరిటాలలో 135 అడుగుల ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టుకుని, కంచికచర్లలో హైవే దిగి చెవిటికల్లు దారి పట్టాను. పత్తి రోజులు. ముందు పోయే ట్రాక్టర్ల నుంచి తెల్లటి పింజలు ఎగిరి రోడ్డంతా పడుతున్నాయి. ఒకప్పటి కృష్ణా జిల్లా మెట్ట ఇది. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా.

నేను వెళ్ళింది ఒక జిన్నింగ్ మిల్లుకి. ఆఫీసులో కొత్త సర్వరు, కాటా గదిలో పాత తూకం ప్రోగ్రాము. రెండింటికీ పొత్తు కుదరక గుమస్తా తూకాలు చేత్తో రాస్తున్నాడు. బళ్ళు గేటు బయటిదాకా ఆగిపోయాయి.

"ఇంకా ఎంతసేపు బాబూ?" అన్నాడొక పెద్దాయన.

"అదే చూస్తున్నా బాబాయ్."

ప్రోగ్రాముకీ డేటాబేస్‌కీ నడుమ డ్రైవర్ దుబాసీ లాంటిది. విండోస్‌లో ఆ పని 1992లో వచ్చిన ఓడీబీసీ పద్ధతిలో జరుగుతుంది. కానీ ముందు దారి తెరిచి ఉండాలి. ఆఫీసు సర్వర్లోని డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్. దాన్ని వేసినప్పుడు నెట్‌వర్క్ నుంచి వచ్చే టీసీపీ కనెక్షన్ ఆపేసి ఉంటుంది. ఆ కనెక్షన్ ఆన్ చేసి, పోర్టు 1433గా ఖాయం చేసి, ఫైర్‌వాల్‌లో కాటా కంప్యూటర్ ఒక్కదానికే అనుమతి ఇచ్చాను.

ఇక అసలు చిక్కు. కాటా కంప్యూటర్లో ఎవరో సిస్టమ్ డీఎస్ఎన్, అంటే డేటాబేస్ చిరునామా దాచిన పేరు, పెట్టే ఉంచారు. టెస్ట్ చేస్తే పాస్. ప్రోగ్రాము మాత్రం దాన్ని ఒప్పుకోదు. 64 బిట్ విండోస్‌లో సిస్టమ్ డీఎస్ఎన్‌ల ఓడీబీసీ పట్టికలు రెండు. ఆ డీఎస్ఎన్ 64 బిట్ పట్టికలో ఉంది. పాత ప్రోగ్రాము 32 బిట్‌ది, దానికి ఆ పట్టిక కనపడదు. సిస్‌వావ్ 64 ఫోల్డర్లోని ఓడీబీసీ తెరిచి, 32 బిట్ డ్రైవర్‌తో అదే పేరు పెట్టాను. పలికింది.

అక్కడితో వదిలేయబుద్ధి కాలేదు. ప్రోగ్రాము అన్ని అధికారాలూ ఉన్న 'ఎస్ఏ' పేరుతో లోపలికి వెళుతోంది. ఆ దారిన రాసిన తూకాన్ని దిద్దవచ్చు, చెరిపేయవచ్చు. 2024-25లో పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకి 7,521 రూపాయలు; పది కిలోలు తేడా వస్తే రైతుకి 750 పైనే పోతుంది. అందుకే తూకాల టేబుల్లో కొత్త తూకం రాయడానికీ చదవడానికీ మాత్రమే వీలున్న వేరే యూజర్ని పెట్టాను. ఈ పని ఏ మిల్లులోనైనా మొదటి రోజే జరగాలి.

పెద్దాయన బండి కాటా ఎక్కింది. నిండు తూకం, దిగుమతయ్యాక ఖాళీ బండి తూకం, రెండూ సర్వర్లో పడ్డాయి. చీటీ మీద అంకెలు రెండుసార్లు చదువుకుని జేబులో పెట్టుకున్నాడు.

అక్కడ కరెంటు తరచూ పోతుందట. అందుకే బయల్దేరే ముందు సర్వరు ఆపి మళ్ళీ వేశాను. డేటాబేస్ తనంతట తానే లేచింది, తర్వాతి బండి తూకం కూడా పడింది.