బొర్రా గుహల్లో మా తొమ్మిదో తరగతి

కిరండూల్ పాసింజరుకు 2017లో అద్దాల పెట్టె తగిలించిన దగ్గర్నుంచీ విశాఖలో పిల్లలందరి కళ్ళూ దాని మీదే. టికెట్టు ధర విన్నాక మా హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ ఒక్క ముక్కలో తేల్చేశారు: "మామూలు పెట్టెలో కిటికీలు తెరుచుకుంటాయి. మనకదే మంచిది." అలా తొమ్మిదో తరగతినంతా వెంటేసుకుని, పొద్దు సరిగ్గా పొడవకముందే, మామూలు పెట్టెల్లో బొర్రా బయల్దేరాం.

నేను చెప్పేది తెలుగు. ఉద్యోగం క్యాథలిక్ సిస్టర్లు నడిపే బడిలో. నేను క్రైస్తవుణ్ణి కాను, మా పిల్లల్లో ఎక్కువమందీ కారు. క్రైస్తవ పిల్లలకు సత్యోపదేశం క్లాసు జరిగే గంటలో మిగతావాళ్ళకు మోరల్ సైన్స్. ఎక్స్‌కర్షన్‌కి మాత్రం ఆ గోడ ఉండదు. రైలు కదలగానే సిస్టర్ సిలువ గుర్తు వేసుకుని మంగళవార్త జపం మొదలుపెడితే పెట్టె సగం గొంతు కలిపింది. మిగతా సగంలో ఒకడు సింహాచలం స్టేషన్ రాగానే కొండ వైపు తిరిగి అప్పన్నకు దండం పెట్టుకున్నాడు. సిస్టర్ చూశారు, ఏమీ అనలేదు. ఎక్కడో కేరళ నుంచి వచ్చి మా ఊళ్ళోనే తల నెరిసిన మనిషి ఆవిడ. ఇలాంటివి చూసీ చూసీ ఉన్నారు.

పిల్లల చేతుల్లో తలా ఒక నోట్సు. పేజీకి మూడు గళ్ళు: చూసింది, తేల్చుకున్నది, చేయబోయేది. ఈ పద్ధతి బడి సొంతం కాదు. బెల్జియంలో బొగ్గు వ్యాపారి కొడుకు జోసెఫ్ కార్డైన్ అనే ఫాదర్, ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రాళ్ళ కోసం 1925లో పెట్టిన యువజన సంఘం దీన్ని వాడుకలోకి తెచ్చింది. 1961లో ఇరవై మూడో జాన్ పోపు తన విశ్వలేఖలో దీన్ని మెచ్చుకున్నారు. మన దేశపు క్యాథలిక్ బడుల్లో వై.సి.ఎస్. అనే విద్యార్థుల బృందాలు ఇప్పటికీ ఈ దారినే నడుస్తాయి. క్రైస్తవులు కాని పిల్లలకు అదే పని వై.ఎస్.ఎం. పేరుతో. మొదట్లో ఈ గళ్ళ వ్యవహారం నాకు వట్టి తతంగంలా అనిపించేది. పిల్లలు మూడో గడిలో "ప్లాస్టిక్ వాడను" అని రాసి చేతులు దులుపుకునేవాళ్ళు. ఈసారీ చాలామంది అదే రాశారు, అది వేరే సంగతి.

శివలింగపురం దాటాక ఘాట్ మొదలైంది. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా మొత్తం 58 సొరంగాలని రైలెక్కిన ప్రతివాళ్ళూ చెప్పేదే. బొర్రా దాకా ఎన్నో లెక్కపెట్టమని నాలుగు హౌసులకీ పోటీ పెట్టాం. సొరంగం రాగానే పెట్టెంతా ఒకటే అరుపులు, ఈలలు. ఆ గోలలో లెక్క ఎవరికి దక్కుతుంది! ఎర్ర హౌసు లెక్క పచ్చ హౌసుకు పొసగలేదు. నీలం హౌసులోనే రెండు పార్టీలయ్యాయి. మధ్యలో జామకాయలామె వచ్చి, "లెక్కలు తర్వాత సేసుకుందురుగానీ, కాయలు కొనండమ్మా" అని అందర్నీ ఒక దారికి తెచ్చింది.

త్యాడ దగ్గర మా బండిని పక్కన నిలిపేసి గూడ్సును ముందు పోనిచ్చారు. ఎంతసేపటికీ తరగని వ్యాగన్లు, అంచుల మీద తుప్పు రంగు దుమ్ము. కిటికీ పక్కనున్న అమ్మాయి చెయ్యి బయటపెట్టి తీసి, వేళ్ళ మీద పడిన దుమ్మును చూసుకుంటూ, "ఇది మా నాన్న దగ్గరికే వెళ్తుంది సార్" అంది. వాళ్ళ నాన్న స్టీల్ ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర పనిచేస్తాడు. విశాఖ ఉక్కుకు సొంత ఇనుప గనులు లేవు, ఖనిజం బైలదిల్లా నుంచి ఈ దారినే దిగుతుంది. అసలీ లైను వేసిందే ఆ ఖనిజం కోసం, 1960ల్లో, జపాన్‌కు ఎగుమతి చేయాలని. మనుషుల బండి తర్వాత వచ్చిన చుట్టం. అందుకే గూడ్సు వస్తే మనం ఆగాలి. ఈ మాట ఆ అమ్మాయే రాసుకుంది, నేను చెప్పలేదు.

గుహల గురించి మనవాళ్ళు రాసిన వర్ణనలు కావలసినన్ని ఉన్నాయి. నేను కొత్తగా చేర్చేది లేదు. రంగు లైట్లు నాకు నచ్చవు. పచ్చలైటు కింద సున్నపురాయి అసలు రంగు ఎవరికి తెలుస్తుంది? గైడు టార్చి వేసి తల్లీబిడ్డ, మొసలి, ఋషి గడ్డం అని చూపిస్తుంటే పిల్లలు ఫోటోల్లో మునిగిపోయారు. మా సైన్సు టీచర్ మాత్రం వాళ్ళను ఒక మూలకు తీసుకెళ్ళి, పైనుంచి వేలాడుతున్న రాతి ముక్కు కొసన ఊరుతున్న బొట్టు దగ్గర నిలబెట్టారు. నేల పొరల్లోంచి వచ్చే నీళ్ళు కార్బన్ డయాక్సైడు కలుపుకుని సున్నపురాయిని కరిగిస్తాయనీ, గుహలోకి వచ్చాక ఆ వాయువు వదిలిపోతే కరిగిన సున్నం కాల్సైటుగా పేరుకుంటుందనీ చెప్పారు. బొట్టు ఉబ్బింది, సాగింది, ఎంతకీ రాలదు. అల్లరి పిల్లలు కూడా నోళ్ళు మూసుకుని చూశారు. చివరికది ఒకడి ముక్కు మీద పడింది.

గైడు రెండు కథలు చెప్పాడు. ఒకటి, కొండ మీది కంత లోంచి ఆవు లోపలికి పడటం, వెతుక్కుంటూ వెళ్ళిన కాపరికి శివలింగం కనిపించడం. గోస్తనీ నది పుట్టుకకు కూడా ఆ ఆవునే చెబుతారు. రెండోది, 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ జార్జ్ ఈ గుహలను కనిపెట్టాడని. బొర్రా గురించి ఎక్కడ చదివినా ఎదురయ్యే వాక్యమే అది. నేనెన్నిసార్లు చదివుంటానో. బయటికొచ్చి పులిహోర పొట్లాలు విప్పుతుంటే క్విజ్ క్లబ్బు కుర్రాడొకడు లేచాడు.

"సార్, ఆ సర్వే పెట్టింది 1851లో కదా. 1807లో దాని మనిషి ఎలా వస్తాడు?"

గైడు నవ్వేసి ఊరుకున్నాడు. సోషల్ టీచర్ ఫోన్ తీశారు. 1851 నిజమే. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఆ సంస్థకు విలియం కింగ్ అనే ఆయన డైరెక్టరుగా ఉన్నమాటా నిజమే. "అంకెలు తారుమారయ్యాయేమో" అన్నాడు వాడు. "అయ్యాయేమో అని తేల్చుకున్నది గడిలో రాయకు. అడగాలి అని మూడో గడిలో రాయి" అన్నారు సిస్టర్. వెనకనుంచి ఇంకో పిల్ల, "ఆయన కనిపెట్టకముందే ఆవుల కాపరి చూశాడుగా సిస్టర్!" అంది. ఆ ప్రశ్న నాకు మరీ నచ్చింది.

తిండయ్యాక దగ్గర్లోని గిరిజన గూడేనికి నడిచాం. ఈ ఏర్పాటు కూడా సిస్టర్‌దే. మా పిల్లలు పాత బట్టల మూటలు తెచ్చారు. అక్కడి పెద్దాయన మూటల వైపు చూడనైనా చూడలేదు. కూర్చోబెట్టి, క్వారీల కాలం కబుర్లు చెప్పాడు. ఈ అనంతగిరి మండలంలోనే కాల్సైటు తవ్వకాల లీజుల మీద సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో, ప్రభుత్వ భూమినైనా సరే, గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదని 1997 జులై 11న సుప్రీం కోర్టు చెప్పింది. దేశంలో గిరిజన భూముల మాట వస్తే లాయర్లు ముందుగా తీసే తీర్పుల్లో అదొకటి. పొద్దున ముక్కు మీద పడిన బొట్టులో ఉన్నదీ, ఆ కంపెనీలు కోరుకున్నదీ ఒకటే సరుకని సైన్సు టీచర్ అందుకున్నారు. అప్పుడు స్టీల్ ప్లాంటు అమ్మాయి అడిగింది: "మరి మా నాన్న ఫర్నేసులోకి వచ్చే రాయి ఎవరి కొండది సార్?"

నేను తెలుగు మాస్టర్ని. సోషల్ టీచర్ వైపు చూశాను. ఆమె సిస్టర్ వైపు చూసింది. సిస్టర్, "వచ్చే శనివారం మన వై.సి.ఎస్., వై.ఎస్.ఎం. క్లబ్బులో అదే విషయం. మీ నాన్నగారిని కూడా రమ్మను" అన్నారు.

తిరుగు ప్రయాణం అనంతగిరి మీదుగా బస్సులో. ఘాట్ మలుపుల్లో ముగ్గురికి వాంతులు, పి.ఇ.టి. సార్ దగ్గర నిమ్మకాయలు అయిపోయాయి.

శనివారం ఆ నాన్నగారు డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చారు. దుమ్ము గురించి, వేడి గురించి చాలా చెప్పారు. కొండ ఎవరిదన్న దగ్గర మాత్రం, "అదీ అడగవలసిందేనమ్మా" అన్నారు. 1807 గురించి పిల్లలు పర్యాటక శాఖకు ఉత్తరం రాశారు. ఇంగ్లీషులోనా తెలుగులోనా అని ఓటింగు పెడితే తెలుగు గెలిచింది. నేను దిద్దినవి రెండు ఒత్తులే. పాత బట్టల మూటలు ఇంకా స్టాఫ్ రూములోనే ఉన్నాయి, ఏం చేయాలో క్లబ్బు తేల్చలేదు.